మూసేసిన ఫ్యాక్టరీ సరుకు

చిత్తూరు సంతపేటలో భానుచందర్ ఇంటికి ఎవరు వెళ్ళినా ముందు మంచినీళ్ళు, తరవాత కాఫీ, ఆ తరవాత సీసా దర్శనం. మంచినీళ్ళూ కాఫీ భార్య రూపశ్రీ వంతు. సీసా కోసం మాత్రం భానుచందర్ తానే లేచి వెళ్ళి, బీరువా తాళం తీసి, పాత పట్టుపంచె మడతల్లోంచి పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తుకొచ్చేవాడు. వచ్చినవాళ్ళు కళ్ళారా చూడొచ్చు. ముట్టుకోవడానికి లేదు. వాసన చూద్దామన్నా మూతి మీద ఎర్రటి లక్క సీలు గట్టిగా బిగిసి ఉంది. పాతికేళ్ళుగా ఆ సీసా మూత తెరుచుకోలేదు, దాని గురించి చెప్పే భానుచందర్ నోరు మూతపడలేదు.

“స్కాట్లాండు సరుకప్పా ఇది. గ్లెన్ కారిక్. సింగిల్ మాల్టు అంటారు. అంటే కల్తీ లేదు, కలిపేది లేదు, ఒకే ఫ్యాక్టరీలో కాచింది. పద్దెనిమిదేండ్లు చెక్క పీపాయిలో నిద్రపోయినాక సీసాలోకి వచ్చింది. దొర నా ఇంగిలీషుకు మెచ్చి నా చేతిలో పెట్టినాడు.”

చుట్టాలంతా ఈ కథ ఎన్నోసార్లు విన్నవాళ్ళే. కొందరైతే కాఫీ సగంలో ఉండగానే బస్సు టైమయిందని లేచిపోవడం అలవాటు చేసుకున్నారు.

ఈ కథలో స్కాట్లాండు నిజం, పీపాయి నిజం, దొర నిజం. ఇంగ్లీషుకు మెచ్చడం ఒక్కటే అబద్ధం. ఆ సంగతి ప్రపంచంలో తన ఒక్కడికే తెలుసని భానుచందర్ నమ్మకం.

జరిగింది ఇదీ. పుత్తూరు రోడ్డులో అప్పట్లో ఒక జ్యూస్ ఫ్యాక్టరీ ఉండేది. తోతాపురి మామిడి గుజ్జును కాగబెట్టి, డబ్బాల్లో పోసి, సీలు వేసి ఓడల మీద విదేశాలకు పంపేవాళ్ళు. భానుచందర్ ఆ ఆఫీసులో ఎగుమతుల గుమాస్తా. అతని తండ్రి చిన్నబ్బ లోపల సీలింగ్ మిషను మీద పనివాడు. పొగలు కక్కే గుజ్జు డబ్బాలో పడీ పడగానే రేకు మూత పెట్టి అంచు బిగించాలి. వెంట్రుకంత సందున్నా ఓడ దిగేసరికి డబ్బా ఉబ్బిపోయి కూర్చుంటుంది. ఏ రోజు వేసిన సీలో తెలియడానికి ప్రతి మూత మీదా ఆ రోజు తేదీ అచ్చు గుద్దాలి. చిన్నబ్బ ఈ పని ముప్ఫై ఏళ్ళు చేశాడు. పెళ్ళి పిలుపులకు వెళ్ళినప్పుడు కూడా ఊరగాయ జాడీ మూత సరిగా పడిందో లేదో వేలితో తడిమి చూసేవాడు.

ఒక ఏడాది స్కాట్లాండుకు వెళ్ళిన సరుకులో ఒక్క డబ్బా కూడా ఉబ్బలేదట. మరుసటి సీజనుకు వచ్చిన, ఆ సరుకు కొనే దొర ఈ సీసాను వెంట తెచ్చాడు. మిషను దగ్గర నిలబడి, చిన్నబ్బ వైపు చెయ్యి చూపిస్తూ, డబ్బాలకు సీలు వేసిన మనిషికి దీన్ని నా బహుమతిగా ఇవ్వు అని ఇంగ్లీషులో చెప్పాడు. దొర మాటలన్నీ తెలుగులోకి మార్చి చెప్పడం భానుచందర్ ఉద్యోగంలో భాగం. ఆ రోజు అన్నీ మార్చి చెప్పాడు, ఆ ఒక్క మాట తప్ప. సీసా అందుకున్నాడు. చిన్నబ్బ చేతులు తుడుచుకుంటూ దొరను చూసి నవ్వాడు, దొర చిన్నబ్బను చూసి నవ్వాడు. మధ్యలో భానుచందర్ కూడా నవ్వాడు.

“ఎప్పుడు తెరుస్తావురా?” అని ఆ సాయంత్రమే అడిగాడు తండ్రి.

“మంచి దినం రానీ నాయనా.”

మంచి దినాలు రాకేం, వచ్చాయి. భానుచందర్ పెళ్ళయింది. ఇంతమంది చుట్టాలకు ఒక్క సీసా ఏ మూలకన్నాడు. ఇల్లు కట్టాడు. గృహప్రవేశం నాడు మందేంది నాయనా అన్నాడు. రూపశ్రీకి నెలలు నిండాయి. “బిడ్డ పుట్టిన పొద్దు తప్పకుండా తెరుస్తాం నాయనా, నీమీదొట్టు” అన్నాడు. హేమశ్రీ పుట్టింది, బారసాల అయింది, పుట్టువెంట్రుకలు తీశారు, సీసా పట్టుపంచెలోనే ఉంది.

విచిత్రమేమిటంటే, బిడ్డ పుట్టాక చిన్నబ్బ ఇక అడగలేదు. ఆ తరవాత తొమ్మిదేళ్ళు బతికాడు. ఒక్కసారి కూడా సీసా పేరెత్తలేదు. చుట్టాలకు చూపిస్తుంటే ఒక మూల కూర్చుని వింటూ ఉండేవాడు. నాయన మనసు విరిగిపోయిందని భానుచందర్‌కు అర్థమైంది. అర్థమైనా తెరవలేదు. ఆయన పోయాక ఆ విషయం గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. అది గుచ్చుకున్నప్పుడల్లా ఎవరో ఒకరిని కాఫీకి పిలిచి కథ చెప్పుకునేవాడు.

ఈ ఏడు ఒక రోజు హేమశ్రీ ఫోనులో ఏదో చూస్తూ, “నాయనా, నీ గ్లెన్ కారిక్ ఫ్యాక్టరీని ఎప్పుడో మూసేసినారంట” అంది.

భానుచందర్ కుర్చీలో కూలబడ్డాడు. మధ్యాహ్నం అన్నం కూడా సరిగా తినలేదు. డెబ్భై ఎనిమిదేళ్ళ తల్లి నాగరత్నమ్మ అది గమనించి, “ఎవురు పోయినార్రా?” అని అడిగింది.

“స్కాట్లాండులో ఆ ఫ్యాక్టరీ మూసేసినారంట మా.”

“దానికి ఇంత దిగులేల? మీ జ్యూస్ ఫ్యాక్టరీ మూసేసిన పొద్దు నువ్వు సినిమాకు పోయినావు.”

హేమశ్రీ సీసా ఫోటో తీసి, ఇలాంటివి దాచుకునేవాళ్ళ గ్రూపులో పెట్టింది. మూడో రోజుకల్లా తిరుపతి నుంచి దయానంద్ అనే పెద్దమనిషి కారులో దిగాడు. తిరుపతిలో మూడు లాడ్జీలు, చంద్రగిరి దగ్గర ఒక తోట ఉన్న మనిషి. ఆ తోట ఇంట్లో అద్దాల బీరువాలు కట్టించి, మూసేసిన ఫ్యాక్టరీల సీసాలు మాత్రమే పెట్టుకుంటాడు. తెరిచి ఉన్న ఫ్యాక్టరీ సరుకంటే ఆయనకు చులకన.

“సూడప్పా,” అన్నాడు దయానంద్ కూర్చోగానే, “ఫ్యాక్టరీ మూసేసినారు. చేసిన చెయ్యి పోయింది. ఇంగ ఇట్లాంటిది రాదు. విలువంతా దాంట్లోనే ఉండాది.”

జీవితంలో మొదటిసారి, తన సీసా గురించి తనకంటే ఎక్కువ మాట్లాడే మనిషి దొరికినందుకు భానుచందర్ కళ్ళు చెమ్మగిల్లాయి. దయానంద్ జేబులోంచి చిన్న టార్చి, భూతద్దం తీశాడు. ముందు లక్క సీలును అన్ని వైపులా పరీక్షించాడు.

“ఏం సీలప్పా! వెంట్రుక దూరేంత సందు లేదు. ఇట్లా సీలేసే చెయ్యి ఇప్పుడు స్కాట్లాండులో కూడా లేదు.”

గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నాగరత్నమ్మ తలెత్తి చూసింది.

“లెవెలు సూడు. ఎంత మంచి సీసాలో అయినా ఇన్నేండ్లకు ఒక వేలెడు ఆవిరైపోతాది. దీంట్లో సుక్క తగ్గలేదు!” దయానంద్ సీసాను పక్కకు వంచి టార్చి వేశాడు. “సిక్కదనం సూడు, గాజును పట్టుకోని ఎంత మెల్లిగా జారతా ఉండాదో. ఆ రంగు సూడు! పద్దెనిమిదేండ్లు చెక్కలో ఊరకపోతే ఈ రంగు రాదు.”

“రంగు అంత బాగుండాదా నాయనా?” అని అడిగింది నాగరత్నమ్మ, చేట పక్కన పెట్టి.

“ఇంత మంచి రంగు నేను చూడలేదమ్మా.”

ఆవిడ మొహం విప్పారింది. కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

దయానంద్ ఒక ధర చెప్పాడు. అది విని రూపశ్రీ ఖాళీ గ్లాసులను ఎక్కడివక్కడ వదిలేసి కూర్చుండిపోయింది. భానుచందర్‌ను కదిలించింది ధర కాదు. బీరువాలో సీసా కింద ‘చిత్తూరు భానుచందర్ గారి సేకరణ’ అని ఇత్తడి రేకు మీద చెక్కిస్తానని దయానంద్ అన్న మాట. సరే అనేశాడు.

వంటింట్లోంచి నాగరత్నమ్మ ఒక్క ఉదుటున బయటికి వచ్చింది. మొహంలో ఇందాకటి వెలుగు లేదు.

“అమ్మేదేందిరా? ఎవురినడిగి అమ్ముతావు?”

“నీకెందుకు మా? నాది కదా.”

ఆవిడ ఏదో అనబోయి మింగేసింది. ఇటు అటు చూసి, “పది దినాల్లో పెద్దల అమావాస్య. ముందు మీ నాయనకు పెట్టు. ఆనేక ఎవురికైనా ఇచ్చుకో” అంది.

అది న్యాయమే. ఆ రోజున పోయిన పెద్దలకు వాళ్ళకు ఇష్టమైనవన్నీ ఆకులో వడ్డించి, ఫోటో ముందు పెట్టి, తలుపు మూసి అందరూ బయట కూర్చుంటారు. వాళ్ళు వచ్చి తిని వెళ్ళాక తలుపు తీస్తారు. చిన్నబ్బకు ఏటా సంగటి, పొట్టేలు కూర, బీడీకట్ట, ఒక క్వార్టరు బ్రాందీ పెట్టడం మామూలే. ఈసారి బ్రాందీ బదులు ఇది పెడితే సరిపోతుంది.

“దానికేమమ్మా, పెట్టుకోండి, ఆ పొద్దే వచ్చి తీస్కపోతా” అన్నాడు దయానంద్.

“సీలు తీసి పెట్టాల” అంది నాగరత్నమ్మ.

దయానంద్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. “సీలు తీస్తే ఇది ఉత్త సారాయమ్మా!”

“సీలు తీయకుంటే నా మొగుడికి అది ఉత్త గాజు.”

ఆ పది రోజులూ భానుచందర్‌కు నరకం. నోట్లో నాలుక లేనట్టుండే తల్లికి ఇంత పంతం ఎక్కడినుంచి వచ్చిందో అతనికి అంతుబట్టలేదు. మోకాళ్ళకు రాసుకోవడానికి ఒక్క చెంచాడు తీసివ్వమంది. చిన్నబ్బ కలలోకొచ్చి గ్లాసు బోర్లించి పోయాడంది. ఒక రోజు తాళంచెవి కోసం అతని చొక్కా జేబు వెతుకుతూ దొరికిపోయింది. చివరికి భానుచందర్ ఒక మధ్యేమార్గం కనిపెట్టాడు. సీసాను సీలుతోనే పెడదాం, పక్కన మామూలు బ్రాందీ తెరిచి పెడదాం.

నాగరత్నమ్మ కొడుకు మొహంలోకి సూటిగా చూసింది. “బతికున్నన్నాళ్ళూ సూపించినావు. సచ్చినాక కూడా సూపించేదేనా?”

భానుచందర్‌కు ఆ మాట సూటిగా తగిలింది. కానీ ఇత్తడి రేకు కూడా కళ్ళముందునుంచి పోలేదు.

అమావాస్య నాడు మధ్యాహ్నానికి అన్నీ సిద్ధమయ్యాయి. చిన్నబ్బ ఫోటోకు పూలమాల, ముందు కొత్త పంచె, అరిటాకులో సంగటి, కూర, వడలు, పక్కన బీడీలు, అగ్గిపెట్టె. దయానంద్ లోపల దూది పరిచిన చెక్కపెట్టె పట్టుకుని వచ్చి వరండాలో కూర్చున్నాడు. భానుచందర్ సీలుతో ఉన్న సీసాను తెచ్చి ఆకు పక్కన నిలబెట్టాడు. దణ్ణం పెట్టి, తలుపు మూసి వచ్చి తనూ వరండాలో కూర్చున్నాడు.

లోపలినుంచి సాంబ్రాణి వాసన వస్తోంది. భానుచందర్‌కు వద్దన్నా లోపలి దృశ్యం కనిపించసాగింది. నాయన వచ్చి పీట మీద కూర్చుంటాడు. సంగటి తింటాడు. సీసా వైపు చూస్తాడు. అలవాటు కొద్దీ ఆ సీలును వేలితో తడిమి, బాగా బిగిసిందని తలూపుతాడు. తెరువురా అని మాత్రం అడగడు. తొమ్మిదేళ్ళు అడగని మనిషి ఇప్పుడెందుకు అడుగుతాడు? బీడీ వెలిగించుకుని లేచి వెళ్ళిపోతాడు.

భానుచందర్ చటుక్కున లేచి తలుపు తోశాడు.

“పెద్దలు తింటా ఉన్నప్పుడు తలుపు తీయకూడదు కదత్తా!” అంది రూపశ్రీ కంగారుగా.

“గమ్మునుండు అమ్మీ. తీయనీ” అంది నాగరత్నమ్మ.

భానుచందర్ తాంబూలం పళ్ళెంలో ఉన్న అడకత్తెర అందుకున్నాడు. సీసాను ఒళ్ళో పెట్టుకుని ఫోటో ముందు చతికిలబడ్డాడు. వెనకే వచ్చిన దయానంద్ గడపలో నిలబడి, “వద్దప్పా, వద్దు! దండం పెడతా!” అని నిజంగానే దండం పెట్టాడు.

“నాయనా,” అన్నాడు భానుచందర్. “ఇది దొర నాకియ్యలేదు. సీలేసిన మనిషికియ్యమన్నాడు. నువ్వు నా ముందరే నిలబడుకోని ఉండావు. నేను నీకు చెప్పలేదు. ఇన్నేండ్లు నా ఇంగిలీషు నా ఇంగిలీషు అని ఊరంతా చెప్పుకున్యా. నీకు ఒక్క గుక్క పొయ్యలేదు. తప్పయిపోయింది నాయనా.”

లక్క పెటపెటా పగిలి ఆకులో రాలింది. దయానంద్ కళ్ళు మూసుకున్నాడు. భానుచందర్ బిరడా పీకి స్టీలు గ్లాసులోకి వంచాడు.

చిక్కగా, ఎర్రగా, మెల్లగా దిగింది. గదంతా ఒక వాసన కమ్ముకుంది. ఎండాకాలంలో ప్రతి బడ్డీకొట్టు ముందూ వచ్చే వాసన. చిన్నపిల్లలకు కూడా తెలిసిన వాసన.

దయానంద్ కళ్ళు తెరిచాడు. ముక్కు ఎగబీల్చాడు. వంగి గ్లాసులో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

“నన్నారి” అన్నాడు.

భానుచందర్ గ్లాసు ఎత్తి తాగి చూశాడు. అనుమానం లేదు. సుగంధి వేళ్ళ నన్నారి షర్బత్తు పాకం, ఇంట్లో అమ్మ కాచేదే, నిమ్మరసం ఒక్కటే తక్కువ.

“నాయనా, ఇదేంది?” హేమశ్రీ ఆకులో రాలిన లక్క ముక్కల మధ్యనుంచి ఒక రేకు బిళ్ళ తీసింది. బిరడాకూ లక్కకూ మధ్య పెట్టినట్టుంది. జ్యూస్ డబ్బా మూతలోంచి గుండ్రంగా కత్తిరించిన బిళ్ళ. దాని మీద అచ్చు గుద్దిన అంకెలున్నాయి. హేమశ్రీ పైకి చదివింది. “పద్నాలుగు, ఏడు, సున్నా నాలుగు.” చదివి ఆగిపోయింది. “ఇది నేను పుట్టిన తేదీ!”

అప్పుడు నాగరత్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. పది రోజులుగా బిగబట్టుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

“నా నోటితో నేను చెప్పలేదబ్బా. సీసానే చెప్పింది. నా ఒట్టు నిలబడింది” అంది ఫోటో వైపు చూసి. తరవాత కొడుకు వైపు తిరిగింది. “బిడ్డ పుట్టినాదని మీ అత్తోళ్ళు ఫోను చేసినారు. నువ్వు ఆస్పత్రిలో ఉండావు. నువ్వు ఇంట్లో వదిలిపోయిన తాళంచెవితో మీ నాయన బీరువా తెరిచినాడు. ‘బిడ్డ పుట్టిన పొద్దు తెరుస్తానని వాడు నా మీద ఒట్టు పెట్టినాడు, వాడు మరిచిపోతే నా పానానికి ముప్పు కదా, నేనే తెరుస్తా’ అన్నాడు. సాయంత్రందాకా దాంట్లో సగం తాగినాడు. మిగిలింది పక్క దినం తాగినాడు.”

“నాయన తాగినాడా?” భానుచందర్ గొంతు పిల్లాడి గొంతులా ఉంది.

“నేనూ ఒక గుక్క తాగినా. థూ! టించరు వాసన. మీ నాయనకు బాగుండాది. ఆనేక నన్ను నన్నారి కాయమన్నాడు. రంగు సరిపోయిందాకా మూడుసార్లు కాయించినాడు. పొగలు పోకముందే సీసాలో పోసి, బిడ్డ పుట్టిన తేదీ గుద్దిన రేకు బిళ్ళ పెట్టి సీలు బిగించినాడు. పొద్దు గుంకిందాకా ఆ లక్కతోనే కూర్చున్యాడు. ఖాళీ సీసా పెడితే పది మందిలో కొడుకు మొగం సిన్నబోతాది, నేను సచ్చినా చెప్పొద్దు అని ఒట్టేయించుకున్యాడు. బతికున్నోళ్ళ మీద ఒట్టయితే ఎట్లో తప్పొచ్చు. పోయినోళ్ళ మీద ఒట్టు ఎట్లా తప్పేదిరా? నువ్వేమో అమ్ముతానంటివి. ఈయప్పను మోసం చేసిన పాపం ఎవురికి?”

“అందుకేనా నాయన మళ్ళీ అడగలేదు?”

“తాగేసిన దాన్ని మళ్ళీ అడిగేదేంది?”

భానుచందర్ ఏడ్చాడో నవ్వాడో చూసేవాళ్ళకు తెలియలేదు. అతనికీ తెలియలేదు. పదేళ్ళకు పైగా గొంతులో ఉన్న ముల్లు మాత్రం దిగిపోయింది. కాస్త తేరుకుని, “అయినా మా, దొర నాయనకే ఇచ్చినాడని నేను చెప్పలేదే. ఆ మాట తెలీకుండానే పోయినాడు కదా” అన్నాడు.

“ఎవురు చెప్పినారు తెలీదని? దొర మాట అర్థం కాకపోతే దొర చెయ్యి యాడ సూపిస్తా ఉండాదో కనబడదా? ఆ సాయంత్రమే ఇంటికొచ్చి నాతో చెప్పినాడు. దొర నాకిచ్చినాడే, మనోడు ఆశపడినాడు, ఉండనీలే అని.”

భానుచందర్ ఫోటో వైపు చూడలేక తల వంచుకున్నాడు.

దయానంద్ చెక్కపెట్టె మూత వేసి నీరసంగా లేచాడు. నాగరత్నమ్మ పాకంలో నీళ్ళు పోసి, నిమ్మకాయ పిండి ఒక గ్లాసు ఆయన చేతిలో పెట్టింది. “తాగు నాయనా. నువ్వు చెప్పినట్టు ఫ్యాక్టరీ మూసేసినారు, సీలేసిన చెయ్యి పోయింది. ఇంగ ఇట్లాంటిది రాదు.”

దయానంద్ ఆవిడ మొహంలోకి చూశాడు. గ్లాసులోకి చూశాడు. ఒక గుక్క తాగాడు. నాలుక మీద తిప్పి, మరో గుక్క తాగి, గ్లాసు ఖాళీ చేశాడు. “ఇరవై ఏండ్లు దాటినా చెడిపోలేదమ్మా! ఆ సీలు గురించి నేను చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా తప్పు లేదు” అన్నాడు. అని, కొంచెం మొహమాటంగా గ్లాసు ముందుకు చాచాడు. “ఇంకొంచెం ఉండాదా?”

భానుచందర్ చెయ్యి దానంతటదే వెళ్ళి సీసా మెడను గట్టిగా పట్టుకుంది. నోరు కూడా దానంతటదే తెరుచుకుంది.

“మంచి దినం రానీ...”

అందరూ అతని వైపు చూశారు. ఫోటోలోంచి చిన్నబ్బ కూడా చూస్తున్నాడు. భానుచందర్ నాలుక కరుచుకుని సీసా వంచాడు. ముందు ఫోటో దగ్గరి గ్లాసు అంచుదాకా నింపాడు. తరవాత దయానంద్‌కు, అమ్మకు, రూపశ్రీకి, హేమశ్రీకి పోశాడు. అడుగున మిగిలింది తను తాగాడు. సాయంత్రం పక్కింటివాళ్ళు వడలకని వస్తే, అలవాటు కొద్దీ లేచి వెళ్ళి ఖాళీ సీసా ఎత్తుకొచ్చి వాళ్ళ చేతికే ఇచ్చాడు. “దొర మా నాయనకిచ్చినాడప్పా” అని మొదలుపెట్టాడు.